ఆస్పత్రి స్టాపులో పదకొండు సెకన్లు

ఆమెను అందరూ అట్టక్క అనేవారు. చేతిలో ఎప్పుడూ క్లిప్పున్న పరీక్ష అట్ట, మెడలో తాడుకు వేలాడే స్టాప్‌వాచీ, చెవి వెనక పెన్సిలు. విశ్వవిద్యాలయం వాళ్ల పరిశోధనలకు లెక్కలు రాసిపెట్టడం ఆమె పని. పంతొమ్మిదేళ్లుగా అదే పని. పరిశోధన చేసేది ప్రొఫెసర్లు, ఎండలో నిలబడేది అట్టక్క.

న్యాయశాస్త్రం వాళ్ల కోసం ఒక ఏడాదంతా కోర్టు హాల్లో చివరి బెంచీ మీద కూర్చుని, ఒక్కో కేసు ఎన్ని నిమిషాలు నడిచిందో రాసింది. మూడు నిమిషాలు దాటిన కేసు వస్తే పక్కనున్న గుమాస్తా ఆమె చెవి దగ్గరకి వంగి, "ఇవాళ నీ పంట పండింది" అనేవాడు. ఫైనాన్స్ వాళ్ల కోసం బ్యాంకు గుమ్మం దగ్గర నిలబడి, లోను కాగితాల మీద సంతకం పెట్టి బయటికొచ్చేవాళ్లను "చదివారా?" అని అడిగింది. చదివామని తలూపినవాళ్లలో సగం మంది కళ్లజోళ్లు ఇంట్లోనే ఉండిపోయాయి. వైద్యం వాళ్ల కోసం డాక్టరు గదిలో మూల స్టూలు మీద కూర్చుని, డాక్టరు రోగి ముఖంలోకి ఎంతసేపు చూశాడో, కంప్యూటరు ముఖంలోకి ఎంతసేపు చూశాడో కొలిచింది.

ఎక్కడైనా నియమం ఒకటే. లెక్క రాసే మనిషి అక్కడ లేనట్టే ఉండాలి. మాట కలపకూడదు, సలహా చెప్పకూడదు, ఎవరి పనిలోనూ చెయ్యి పెట్టకూడదు. అలా లేకుండా ఉండటం ఆమెకు బాగా వచ్చు. వాన వెలిశాక ఎవరో మరిచిపోయిన గొడుగులా గోడవార ఉండిపోయేది. కోర్టులో ఊడ్చే మనిషి ఆమె పాదాల చుట్టూ చీపురు తిప్పి వెళ్లిపోయేవాడు. పంతొమ్మిదేళ్లలో ఆమె రాసిన ఒక్క కాగితం కూడా తప్పుందని వెనక్కి రాలేదు. ఆమెకున్న గర్వమల్లా అదొక్కటే. దాన్ని కూడా పైకి చెప్పుకునేది కాదు.

కిందటేడు రవాణా విభాగం మేడమ్ ఆమెను బస్సెక్కించింది. ఈ మేడమ్ వయసులో చిన్నది. నడుస్తూ ఆలోచిస్తుంది, ఆలోచిస్తూ గుమ్మాలకు తగులుతుంది. ప్రతి స్టాపులో బస్సు ఎంతసేపు ఆగాల్సి వస్తోందన్నది ఆవిడ పరిశోధన. అట్టక్క ముందు తలుపు వెనక సీట్లో కూర్చుని, చక్రం ఆగగానే ఒకసారి, ఆఖరి మనిషి పాదం నేల విడవగానే ఒకసారి వాచీ నొక్కాలి. అంతే.

ఆ రూట్లో పెద్దాస్పత్రి స్టాపు ఉంది. మధ్యాహ్నం మూడింటికి అక్కడ ఎక్కేవాళ్లు వేరు. రక్తం శుద్ధి చేయించుకుని నాలుగు గంటల తర్వాత మంచం దిగినవాళ్లు, కట్టు విప్పిన కాలితో వచ్చినవాళ్లు, బలానికి ఏదో ఎక్కించుకుని మోచేయి మడిచి దూది నొక్కుకుంటూ వచ్చినవాళ్లు. బస్సు మొదటి మెట్టు మోకాలెత్తున ఉంటుంది. వాళ్లు దాని ముందు నిలబడి, ఏటిలో దిగబోయేవాళ్లలా, ఒకసారి ఊపిరి తీసుకుంటారు.

వారానికి మూడు రోజులు రక్తం శుద్ధికి వచ్చే ఒక ముసలాయన ఉన్నాడు. రిటైరైన ప్రూఫ్‌రీడరు. చంకలో దుప్పటి ఉన్న సంచీ, ఎడమ మోచేతికి కట్టు. మొదటిరోజు ఆయన కడ్డీ పట్టుకోబోయి పట్టు తప్పితే అట్టక్క చటుక్కున చెయ్యందించింది. ఎడమచెయ్యి కాదు, కుడిచెయ్యి పట్టుకుంది. సూదులు గుచ్చే చెయ్యి లాగకూడదని వైద్యం వాళ్ల దగ్గర పనిచేసినప్పుడు నేర్చుకుంది. ఒక చేత్తో ఆయన్ని పైకి లాగుతూనే రెండో చేతి బొటనవేలితో సరిగ్గా ఆయన పాదం లేచినప్పుడు వాచీ నొక్కింది. ఆ నేర్పు చూసి ఆమెకే ముచ్చటేసింది.

"అమ్మా, నువ్వు కొలుస్తున్నావా, మోస్తున్నావా?" అన్నాడాయన, సీట్లో కూలబడి.

"రెండూను బాబాయ్. ఒక జీతానికే."

ఆ తర్వాత అది అలవాటైపోయింది. ముసలాయనకే కాదు, ఆ స్టాపులో ఎవరికైనా. కర్ర ముందు అందుకోవడం, సంచీ అందుకోవడం, తర్వాత మనిషిని అందుకోవడం. నలభై రోజుల పాటు ఆస్పత్రి స్టాపులో జనం గబగబా ఎక్కారు. ఆమె ప్రతిసారీ వాచీ నొక్కింది, సెకన్లు నిజాయితీగా రాసింది.

ఆర్నెల్లకు పరిశోధన అచ్చయింది. మేడమ్ పిలిచి కాగితాలు చూపించింది. గీతలు, గళ్లు, చివర చిన్న అక్షరాల్లో "క్షేత్ర సహాయకులకు కృతజ్ఞతలు". ఆ సహాయకులు అంటే అట్టక్కే.

"చూశారా అక్కా, మార్కెట్టు దగ్గర ఇరవై రెండు సెకన్లు. ఆస్పత్రి దగ్గర సగటు పదకొండు! అక్కడ నలభై ఆపుతున్నారు, దండగ. బస్సుల వాళ్లకి పంపించాను, చాలా సంతోషించారు."

ఆ సంతోషంలోనే మేడమ్ ఇంకో మాట చెప్పింది. న్యాయం, ఫైనాన్స్, వైద్యం, రవాణా, నాలుగు విభాగాలూ కలిసి ఒకే పెద్ద పరిశోధన మొదలుపెడుతున్నాయి. జబ్బుపడ్డ మనిషికి ఒక రోజంతా ఎక్కడెక్కడ పోతోంది, బస్సులో ఎంత, ఆస్పత్రి వరసలో ఎంత, బ్యాంకులో ఎంత, కోర్టు వాయిదాలో ఎంత అని. ఎనిమిది మంది లెక్క రాసేవాళ్లు కావాలి, వాళ్ల మీద ఒక పెద్ద కావాలి. "నాలుగుచోట్లా కూర్చున్న మనిషి మీరొక్కరే కదా. మీ పేరే రాశాను."

ఇంటికొచ్చి చెబితే, తాళాలు బాగుచేసే భర్త ముందు పెట్టుకున్న స్ప్రింగు వదిలేసి లేచి నిలబడ్డాడు. "ఇన్‌స్పెక్టరుగారూ, కూర్చోండి. ఇంతకాలం మీతో కాపురం చేసి ఎనిమిది మందిలో నేనూ ఒకణ్ణయ్యానా, కాలేదా?"

"మీకు వాచీ నొక్కడం రాదు."

"నొక్కడం కాదమ్మా, ఇన్నేళ్లుగా నోరు నొక్కుకోవడం వచ్చు."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆవిడ అట్టను తుడిచి మేకుకు తగిలించింది.

రెండు నెలల తర్వాత ఆడబిడ్డకు మందులు తీసుకోవాల్సొచ్చి పెద్దాస్పత్రికి వెళ్లింది. అట్ట లేదు, వాచీ లేదు. మందులు తీసుకుని స్టాపుకు వచ్చేసరికి బస్సు వస్తోంది. ముసలాయన మెట్టు ముందు నిలబడి ఊపిరి తీసుకుంటున్నాడు. ఆమె ఇంకా ఇరవై అడుగుల దూరంలో ఉంది. బస్సులో ఏదో పెట్టె కీచుమని అరిచింది. తలుపు మూసుకుంది. బస్సు కదిలింది. ఆయన గాల్లో ఎత్తిన చెయ్యిని దించి, ఎవరూ చూడలేదు కదా అన్నట్టు అటూ ఇటూ చూశాడు.

"బాబాయ్!"

"నువ్వా. ఎక్కడికి పోయావమ్మా ఇన్నాళ్లు? నువ్వున్నప్పుడు ఈ బస్సు మనిషిలా ఆగేది. ఇప్పుడు ముక్కు చీదేంతసేపు కూడా ఆగడం లేదు." బెంచీ మీద కూర్చుని సంచీలోంచి దుప్పటి తీశాడు. బయట ఎండ మండుతోంది, ఆయన వణుకుతున్నాడు. యంత్రం మీంచి లేచాక అలాగే చలి వేస్తుందని ఆమెకు తెలుసు. "మొన్న మూడు బస్సులు పోయాయి. మెట్టు ఎక్కలేనివాళ్లం ఇక్కడో సంఘం పెట్టుకుందాం అనుకుంటున్నాం."

తర్వాతి బస్సు నలభై నిమిషాలకు వచ్చింది. ఆమె ఆయన్ని ఎక్కించి, డ్రైవరు వెనక నిలబడింది. ఆ డ్రైవరుకు ఆమె తెలుసు.

"ఏంటి తమ్ముడూ, ముసలివాళ్లు ఎక్కేదాకా ఆగలేరా?"

"నన్నంటావేంటక్కా? పదిహేను సెకన్లు దాటితే ఈ పెట్టె కూస్తుంది, నా పేరు మీద లేటు పడుతుంది. అదేదో పరిశోధన చేశారంట, ఇక్కడ పదకొండులో ఎక్కేస్తారంట." అద్దంలోంచి ఆమె వంక చూశాడు. "నువ్వే కదా రాసింది?"

పదకొండు. ఆ సంఖ్యలో ఎక్కడా తప్పు లేదు. వాచీ సరిగ్గానే నడిచింది, వేలు సరిగ్గానే పడింది. ఆ పదకొండు సెకన్లలో ముసలాయనవి కొన్ని, మిగిలినవి తన చేతివి. కాగితం మీద ఆ చెయ్యి ఎక్కడా లేదు.

ఇంట్లో చెప్పింది. భర్త ఒక పాత తాళాన్ని తిప్పుతూ విన్నాడు.

"నీకు తప్ప ఎవరికి తెలుసు?"

"ఎవరికీ తెలీదు."

"మరి? ఆ పెద్ద పని వచ్చే నెలేగా మొదలయ్యేది. ఒక్క నెల ఊరుకో. పని చేతికొచ్చాక అప్పుడు మెల్లగా చెప్దువుగాని."

"నెలంటే పన్నెండు పదమూడుసార్లు."

"ఏంటి పన్నెండుసార్లు?"

"ఆయన ఆస్పత్రికి పోయేది."

భర్త తాళాన్ని బల్ల మీద పెట్టాడు. "లెక్కలు రాసే మనిషిని చేసుకుంటే ఇంతే," అన్నాడు. కోపంగా కాదు.

మర్నాడు మేడమ్ గదిలో ఆమె నిలబడే చెప్పింది. కూర్చోమన్నా కూర్చోలేదు. ఎలా చెయ్యందించిందో, ఏ చెయ్యి పట్టుకుందో, వాచీ ఎలా నొక్కిందో, అన్నీ చెప్పింది. మేడమ్ ముందు నవ్వింది, ఇదేదో మంచి పని గురించిన కబురనుకుని. తర్వాత నవ్వు ఆగిపోయింది.

"ప్రతిసారీనా?"

"సాయం కావాల్సిన ప్రతివాళ్లకీ."

"అక్కా, అది అచ్చయిపోయింది. నా పేరు మీద అచ్చయింది." మేడమ్ కిటికీ వైపు తిరిగింది. కింద సైకిళ్ల వరస మీద ఎండ పడుతోంది. "ఎవరైనా దొంగలెక్కలు రాస్తే పట్టుకోవడం తెలుసు నాకు. ఇదెలా పట్టుకోను? మీరు రాసింది నిజమే. కానీ అది బస్సు కొలత కాదు, మీ కొలత."

"అవును మేడమ్."

"చెప్పకుండా ఉంటే..." అని మేడమ్ ఆ వాక్యాన్ని పూర్తి చేయలేదు.

వారంలో నాలుగు విభాగాల వాళ్లూ కూర్చున్నారు. అట్టక్కను బయట కుర్చీలో కూర్చోబెట్టారు, అయినా తలుపు సరిగ్గా పడదు. చెయ్యి అందించకూడదని రాతపూర్వకంగా ఇచ్చామా అని న్యాయం ఆయన అడిగాడు. మిగిలిన స్టాపుల లెక్కలు నమ్మొచ్చా అని ఫైనాన్స్ ఆవిడ అడిగింది. "ఆ స్టాపులో నా రోగుల్ని నేను రోజూ చూస్తాను. పదకొండు చదివినప్పుడు నాకెందుకు అనుమానం రాలేదు?" అని వైద్యం డాక్టరు తనలో తనే అనుకున్నట్టు అన్నాడు.

మేడమ్ బయటికొచ్చి చెప్పింది. అచ్చయినదానికి సవరణ పంపుతారు. బస్సుల వాళ్లకు ఉత్తరం రాస్తారు, కానీ కొత్త లెక్క చూపించందే వాళ్లు ఆ పదిహేను సెకన్లు మార్చరు. పద్నాలుగు రోజులు మళ్లీ కొలవాలి. పెద్ద పరిశోధనకు పైమనిషిగా ఇంకొకర్ని తీసుకుంటున్నారు.

"మళ్లీ కొలిచేది?"

"మీరే. అదే సీటు, అదే వాచీ. చెయ్యి తీసేస్తే ఎంత తేడా వస్తుందో తెలియాలంటే మిగతావన్నీ అలాగే ఉండాలి. వెనక సీట్లో ఇంకొకరు కూర్చుని మిమ్మల్ని రాస్తారు. ఎక్కేవాళ్లకి ముందుగా చెప్పకూడదు. చెబితే వాళ్లు మారిపోతారు. పెట్టె కట్టేయిస్తాం, ఎవర్నీ వదిలేసి వెళ్లరు. అది మాత్రం మాట తీసుకున్నాను."

కొత్త కాగితంలో సెకన్ల గడి పక్కన ఒక గడి చేర్చారు. "ఎవరైనా సాయం చేశారా."

మొదటిరోజు ముసలాయన బస్సు ఆగగానే ఆమెను చూసి, వెతుకుతున్న వీధి దొరికినట్టు, ముఖం విప్పార్చాడు. సంచీ ముందుకు చాచాడు. ఆమె అందుకోలేదు. చెయ్యి చాచాడు. ఆమె అట్ట మీదికి తల వంచింది. ఎడమచెయ్యి తొడ కింద పెట్టుకుని దాని మీదే కూర్చుంది.

"ఏమ్మా," అన్నాడు కిందినుంచి. "నిన్నే."

ఆమె చూపు వాచీ మీదే ఉంచింది.

ఆయన సంచీని మెట్టు మీద పెట్టి, కడ్డీని రెండు చేతులా పట్టుకోబోయి, ఎడమచెయ్యి గుర్తొచ్చి తీసేసి, ఒంటి చేత్తో తనను తాను పైకి లాక్కున్నాడు. ఒకసారి జారాడు. మళ్లీ లాక్కున్నాడు. నలభై ఆరు సెకన్లు. పక్కనుంచి పోతూ, "చేతులు పడిపోయాయా?" అన్నాడు. బస్సులో ఇద్దరు నవ్వారు.

మూడోసారికి ఆయన సంచీ చాచడం మానేశాడు. నాలుగోసారికి ఆమె వైపు చూడటం మానేశాడు. కర్ర పట్టుకుని ఎక్కే ఒకావిడ మాత్రం రోజూ చూసేది, చూసి, పక్కవాళ్లతో గట్టిగా, "ఆవిడకిప్పుడు పెద్ద ఉద్యోగం వచ్చిందిలే" అనేది. అట్టక్క ఆ మాటకు కూడా తల ఎత్తలేదు. ఇరవై తొమ్మిది, ముప్పై ఎనిమిది, యాభై ఒకటి. సంఖ్యలు ఒకదాని కింద ఒకటి దిగుతున్నాయి, ఎవరి చెయ్యీ లేకుండా మెట్లు దిగే మనుషుల్లా.

పదకొండో రోజు ముసలాయన మెట్టెక్కి సగంలో ఆగిపోయాడు. ఒక కాలు పైన, ఒక కాలు కింద. కళ్లు మూసుకున్నాడు. వాచీలో అంకెలు పరిగెడుతున్నాయి. ఆమె తొడ కిందున్న చెయ్యికి తిమ్మిరెక్కింది. వెనక సీట్లో కూర్చున్న మనిషి ఊపిరి కూడా వినిపిస్తోంది. డ్రైవరు ఇంజను ఆపేశాడు. ఆ నిశ్శబ్దంలో ఆస్పత్రి గేటు దగ్గరి వేపచెట్టు ఆకులు మాత్రం కదిలాయి.

ఆయన కళ్లు తెరిచి, రెండో కాలు కూడా ఎత్తాడు. ఆమె నొక్కింది.

ఆయన సీట్లో కూర్చుని దుప్పటి కప్పుకునేదాకా ఆగి, ఆమె రాసింది. అరవై మూడు. పక్క గడిలో "లేదు" అని రాసింది. పెన్సిలు మొన విరిగితే, చెవి వెనకున్న ఇంకో పెన్సిలు తీసి ఆ మాటే మళ్లీ, చదవడానికి వీలుగా, దిద్దింది. ఇంకా మూడు రోజులున్నాయి.