సబీహా లెక్కవెట్టిన సీను

ముందుగాల్నే చెప్తున్న, నేను దయ్యాలను నమ్మే మనిషిని కాదు. నమ్మితే నా దుకాణం బందైతది. కోరుట్లల పొద్దంత పెండ్లి వీడియోలు ఎడిటింగ్ చేస్త, తీరినప్పుడు పాత దయ్యం సిన్మాలు సూసి యూట్యూబుల రివ్యూలు చెప్త. జనం కండ్లు మూసుకునే కాడ నేను దారం ఏడ కట్టిన్రు, రక్తానికి ఏం రంగు కలిపిన్రు అని ఎతుకుత.

"గన్ని వంకలు వెడ్తున్నవు, నువ్వే ఒకటి తియ్యరాదు" అని కామెంట్లల్ల తిట్టేటోళ్ళు మస్తుమంది. రోషమొచ్చి, తీస్తున్న అని చెప్పేసిన. ఇగ తియ్యకుంటె ఇజ్జత్ పోతది.

కథ చిన్నది. సాంచలు, గవే మరమగ్గాలు, నడిచే షెడ్డుల ఒక పిల్ల ఇరుక్కుంటది. ఒర్లుతది. ఆ మోతల ఎవ్వలకు ఇనవడది. సిరిసిల్లల నర్సయ్య కాక తన షెడ్డు ఇచ్చిండు. మా నాయిన దోస్తు, భార్య పోయి శానేండ్లాయె, ఒక్కడే ఉంటడు. పిల్ల ఏశం సబీహాది. జగిత్యాలల ఫంక్షన్లకు యాంకరింగ్ చేస్తది. సిరిసిల్లకు వచ్చుడు ఆమెకు గదే మొదలు.

పట్టపగలు తీసినం. ఆ మోతల మైకు దండుగ, మాటలు ఎన్కసిరి డబ్బింగుల చూసుకుందామనుకున్నం. "ఏదో ఒకటి అను, పెదవులు ఆడితె చాలు" అన్న. సబీహా ఉర్దూల ఒకటి నుంచి పది దాక లెక్కవెట్టింది. ఒక్క టేకుల అయిపోయింది. ఆ మొఖంల భయం సూసి, నా సిన్మా దొరికిందిరా అనుకున్న.

వారం తర్వాత ల్యాప్‌టాప్ పట్టుకొని కాక ఇంటికి పోయిన. అప్పటికి సీనుకు సౌండ్ లేదు. సాంచల మీద బతికినోళ్ళకు ఒక అలవాటుంటది. మోతల మాట ఇనవడదు గదా, ఎదుటి మనిషి పెదవులు సూసే ముచ్చట వెడ్తరు. నాకెరికే, గని ఆ దినం యాదికి లేదు.

సబీహా మొఖం రాంగనే కాక లేచి నిలవడ్డడు.

"గీ పోరికి ఆ మాట ఎవలు చెప్పిన్రు?"

"ఏం మాట కాకా?"

"'బందు వెట్టు, కొంగు వడ్డది' అంటుంది గదా!"

సబీహా చుడిదార్ ఏసుకున్నది, చున్నీ గూడ నేనే తీపిచ్చిన. ఇగ కొంగు ఏడికెళ్ళొచ్చె? అక్కడికక్కడే ఆమెకు ఫోన్ చేసిన. "అల్లా కసమ్ అన్నా, ఏక్ దో తీనే అన్న" అని మొత్తుకున్నది.

నేను గంత అల్కగ ఒప్పుకునేటోన్ని కాదు. పక్క గల్లీల ఒక పెద్దమనిషి ఉన్నడు, భివండిల సాంచలు నడిపి మొన్ననే తిరిగొచ్చిండు. కాక అన్న మాట గని, ఆ ఇంటి సంగతి గని ఆయినకు తెల్వది. ఏం చెప్పకుంట సీను సూపెట్టిన.

"కొంగు వడ్డదట, బందు వెట్టుమంటుంది" అన్నడు. "ఏందయ్యా, ఎవ్వలు మోటరు ఆపలేదా?"

కాక కాడికి తిరిగొచ్చి ఆ మాట చెప్పిన. అప్పుడు చెప్పిండు. భార్య లక్ష్మవ్వ అదే షెడ్డుల నూలు కండెలు చుట్టేది. కొంగు మోటరు బెల్టుల వడి పానం పోయింది. ఈ సంగతి వాడ అందరికెరికే. కాక అటు దిక్కు తిరిగి ఉన్నడట, సూడలేదట. ఇన్నేండ్లు గట్లనే చెప్పుకచ్చిండు.

"సూసిన కొడుకా. పొద్దుగాల కొట్లాడుకున్నం. 'బందు వెట్టు' అన్నది. సాంచ ఆపి మల్ల కొట్లాటకు రమ్మంటుందనుకొని మొఖం తిప్పుకున్న. అటెన్క ఏమన్నదో ఇయ్యాలనే సూసిన."

అటెన్క ఆ సీను ఎన్ని మాట్ల సూసిన్నో లెక్కలేదు. నాకు ఏక్, దో, తీన్ అన్నట్టే కనవడ్తది. ఆ ఇద్దరికి అదే మాట ఎట్ల కనవడ్డదో నాకిప్పటికీ తెల్వది.

ఆ సీను లేకుంటె నా సిన్మానే లేదు. అయినా తీసేసిన. కాక మాత్రం ఆ ముక్క తన ఫోన్ల ఏయిమన్నడు. ఏసిచ్చిన. రోజు సూస్తుండట.