ఐదున్నరకు ఐదున్నర

ఆ సాయంత్రం అంబత్తూరు కూడలిలో పోయినవి ఇవి: ఆటో పక్కద్దం ఒకటి, కోడిగుడ్లు ఇరవై ఎనిమిది (అట్టలో ముప్పై ఉండేవి, రెండు బతికాయి), ట్రాఫిక్ కానిస్టేబుల్ గొంతు, నా లెక్క తప్పదన్న నా నమ్మకం. ఆ రోజుల్లో ఆ నమ్మకం చాలా పెద్దది. కాలేజీ గడప తొక్కకుండా, పాత పుస్తకాల అంగట్లో కొన్న పుస్తకాలతో లెక్కలు నేర్చుకున్నవాడికి గర్వపడడానికి ఇంకేముంటుంది?

సిగ్నల్ దీపాలు బిగించే కాంట్రాక్టరు దగ్గర నాది తాత్కాలిక ఉద్యోగం. ఆ రోజు పెద్ద ఇంజనీరు వచ్చి పని చూసి, బాగుంటే నన్ను పర్మనెంటు చెయ్యాలి. పని చిన్నదే. రోడ్డు పక్క సిగ్నల్ పెట్టెలో గడియారం రోజూ కొన్ని సెకన్లు తప్పుతుంది. అందుకని ఉపగ్రహాల నుంచి రేడియోలో వచ్చే కచ్చితమైన సమయాన్ని పట్టే రిసీవరు ఒకటి, పుట్టగొడుగంత ఉంటుంది, దాన్ని స్తంభం మీద బిగించాలి. అది పట్టే సమయం మనకన్నా ఐదున్నర గంటలు వెనక ఉంటుంది. ఆ ఐదున్నరను పైన రిసీవరులోనో, కింద పెట్టెలోనో, ఒక్కచోటే కలపాలి.

పైకెక్కింది నిచ్చెన మామ. (నలభై ఏళ్లు నిచ్చెన మీదే గడిపినవాడు, నేల మీద నడిస్తేనే కాస్త తూలేవాడు.) ఆయనది ఒకటే చట్టం: నిచ్చెన మీదున్న మనిషితో కిందివాళ్లు మాట్లాడకూడదు. మాట్లాడితే కిందికి పిలిచినట్టేనట. నేను నోరు మూసుకుని, కాగితం మీద మూడుసార్లు సరిచూసుకుని, ఐదున్నరను కింది పెట్టెలో కలిపాను. మామ దిగి చేతులు దులుపుకున్నాడు.

"అయిపాయె తంబీ. నీది?"

"నాదీ అయింది మామా."

ఏం అయిందో ఇద్దరం చెప్పుకోలేదు. రిసీవరు ఆకాశాన్ని వెతుక్కుంటూ కూర్చుంది. అది దొరికేదాకా పాత గడియారమే నడుస్తుంది.

సాయంత్రం ఐదున్నర. ఫ్యాక్టరీలు వదిలారు, నాలుగు రోడ్లూ నిండాయి. ఇంజనీరు పెట్టె ముందు నిలబడ్డారు. సరిగ్గా అప్పుడే రిసీవరు పచ్చదీపం వెలిగింది. "పట్టింది సార్!" అని అరిచాను. మరుక్షణం నాలుగు వైపులా పసుపు దీపాలు మిణుకుమిణుకుమన్నాయి. రాత్రి పదకొండు దాటితే రద్దీ ఉండదని ఆ సిగ్నల్ అలా నిద్రపోతుంది. ఐదున్నరకు ఐదున్నర కలిపితే ఎంతో వేళ్ల మీద లెక్కపెట్టనక్కర్లేదు.

"పొద్దింకా గుంకలేదు, అప్పుడే జోల పాడేస్తిరే!" అని కానిస్టేబుల్ (చిత్తూరు వైపు మనిషి) విజిల్ పారేసి అరవసాగాడు.

"పైన నేను పెట్టినా కదరా, నువ్వెందుకు ఈడ మళ్లీ పెట్టినావు?" అన్నాడు మామ.

"చెప్పుండొచ్చు కదా!"

"నువ్వు అడుగుండొచ్చు కదా!"

"నిచ్చెన మీదుంటివే!"

"దిగినాక నీ నోటికేమాయె?"

ఇంజనీరు నిదానంగా, "ముందు రోడ్డు మధ్యలోకి పోయి నిలబడు" అన్నారు. నిలబడ్డాను. నా కుడిచెయ్యి ఆటోను రమ్మంది, ఎడమచెయ్యి గుడ్ల సైకిలును రమ్మంది. పాపం, ఇద్దరూ మాట విన్నారు.

నాలుగు నిమిషాల్లో మామ పెట్టెలోని ఐదున్నరను తీసేశాడు. చిక్కుకున్న బళ్లు విడిపోవడానికి మాత్రం ముప్పై ఎనిమిది నిమిషాలు పట్టింది.

"ఐదున్నర గంటలు ముందే రాత్రి చేశావు. నీ పర్మనెంటు ఐదున్నర నెలలు వెనక్కి" అన్నారు ఇంజనీరు. ఆయన మాట తప్పలేదు. ఒక్క రోజు ముందు కూడా ఇవ్వలేదు.

ఆ రాత్రే లెక్క వేశాను. సుమారు ఆరువందల బళ్లు, సగటున పందొమ్మిది నిమిషాలు: నూట తొంభై గంటలు. పరుల కాలం. అప్పటి నుంచి సిగ్నల్ దగ్గర వెనక ఎవరు హారన్ కొట్టినా స్కూటరు పక్కకు తీసి దారిస్తాను. ఒక్కొక్కరికి అర నిమిషం జమ. "మనకు పనుల్లేవా?" అంటుంది వెనక కూర్చున్న మా ఆవిడ. ఈ అప్పు ఒక జన్మలో తీరదని ఇరవై ఏళ్ల నాటి ఆ కుర్రాడికి తెలిసే ఉండాలి, లెక్కల్లో గట్టివాడు కదా. ఇప్పటికి తీరింది మూడు గంటల పది నిమిషాలు. బాకీ నూట ఎనభై ఆరు గంటల యాభై నిమిషాలు.