పన్నెండు పీతలకు నేను చేసిన క్రిస్మస్ శుభ్రం

ఒక్క చుక్క విషం వాడకుండా, కేవలం శుభ్రతతో ఎనిమిది ప్రాణాలు తీసిన మనిషి ఎవరైనా ఉంటారా అని మీరు వెతకనక్కరలేదు. ఉన్నాను.

పదేళ్ల కిందటి డిసెంబరు. మౌలాలిలో ఉండే మా అక్క కూతురు గ్రేస్, కాలేజీ ప్రాజెక్టు కోసం కాకినాడ నుంచి తెచ్చుకున్న పన్నెండు బుల్లి పీతలను గాజుతొట్టితో సహా పద్మారావు నగర్‌లోని మా ఇంటికి మోసుకొచ్చింది. ఒక్కొక్కటి చొక్కా గుండీ అంత. క్రిస్మస్ ముందు వాళ్లింటికి సున్నం వేస్తున్నారట.

“మూడు దినాలే మామయ్యా. సోమవారం కాలేజీల చూపెట్టాలె. జెర ఏం ముట్టకు.”

తొట్టిలో సగం ఉత్త ఇసుక, సగం పగిలిన గుల్లలు, కుళ్లినట్టున్న నాచు. పీతలన్నీ ఆ చెత్తలోనే దూరి కూర్చున్నాయి.

“ఇంత మంచి ఇసుక వదిలి గిట్ల మురికిల ఉంటయేందే?”

“అదే నా ప్రాజెక్టు. సముద్రం అడుగున సందులున్నకాడే చిన్న పీతలు బతుకుతయ్. ఉత్త ఇసుకల దాక్కోనీకి చోటుండదు.”

ఇంత స్పష్టంగా చెప్పింది. నేను విన్నాను కూడా. కానీ క్రిస్మస్ ముందు మా ఇళ్లలో శుభ్రమంటే ఒక పూనకం. ఆ శనివారం ఫ్యాను రెక్కలకు కూడా సబ్బుస్నానం చేయించాక, హాల్లో మురికిగా మిగిలింది ఆ తొట్టి ఒక్కటే. మర్నాడు పాస్టరు గారు వస్తారాయె.

గుల్లలు, నాచు పారేశాను. గాజును కొబ్బరిపీచుతో తోమి, ఇసుకను ఇడ్లీ రవ్వలా కడిగి పరిచాను. ఉప్పునీళ్లు మాత్రం దాచి తిరిగి పోశాను. మరీ అంత మూర్ఖుణ్ని కాదు, చూడండి.

“ఆ పిల్ల ముట్టొద్దన్నది గదా,” అంది మా ఆవిడ విమల.

“కొత్త ఇల్లు చూసి మురిసిపోతది.”

పీతలు పెళ్లిలో చెప్పులు పోయినవాళ్లలా తొట్టంతా తిరిగాయి. సాయంత్రానికి తొమ్మిదయ్యాయి. ఆదివారం పొద్దున ఆరు.

“పారిపోయినయా?”

విమల ఇసుకలోంచి చిటికెడు కాళ్లు ఎత్తి చూపింది. “ఒకదాన్నొకటి తింటున్నయ్. దాక్కునే చోటేది?”

గుల్లల కోసం చెత్తకుండీకి పరుగెత్తాను. బండి వచ్చి పోయింది. పాస్టరు గారు వచ్చి, “తొట్టి ఖాళీగా ఉందేం?” అన్నారు. కాఫీ చల్లారిపోతోందన్నాను.

సోమవారం గ్రేస్ వచ్చింది. తెల్లటి ఇసుకను చూసింది, నన్ను చూసింది. తిట్టినా బాగుండేది. తొట్టి మూలన నేను మరిచిపోయిన కొబ్బరిపీచును మెల్లగా ఎత్తింది. దాని పోగుల్లో నాలుగు పీతలు, బిక్కుబిక్కుమంటూ.

“నేను నెలంతా చూసి రాసింది రెండు దినాలల్ల రుజువు చేసినవ్, మామయ్యా,” అంటూ కళ్లు తుడుచుకుంది. “ఎనిమిది పోయినయ్.”

ఆ పీచుతోనే ప్రాజెక్టు గట్టెక్కింది. కానీ ఆ ఎనిమిదింటికి నేనేం జవాబు చెప్పను?

అందుకే ఆ డిసెంబరులోనే ప్రమాణం చేశాను: అందులో ఉండే జీవిని అడగకుండా ఇక ఏ ఇంటినీ శుభ్రం చేయనని.

అది విన్న విమల చీపురు తెచ్చి నా చేతికిచ్చింది. “ఈ ఇంట్ల ఉండే జీవిని నేనే. నేనే చెప్తున్న, ఊడువుండ్రి.”