ఔతి అత్త, ఎర్ర చెక్కల మేడ

స్వీడన్ సరిహద్దు దగ్గర మా కెమీ ఊళ్ళో మంచు తోసే బండి నడిపే ఆడమనిషి మా ఔతి అత్త ఒక్కతే. మా నాన్నకి చెల్లెలు. కాలు విరిగి కట్టు కట్టించుకుంటున్నప్పుడు కూడా "ఎలా ఉన్నావ్?" అంటే "బాగానే ఉన్నా" అంది. మా ఊళ్ళో అందరం ఆ బాపతే అనుకోండి, అత్త మరీను.

వాళ్ళబ్బాయి ఉర్హో మూడు నెలలు ముందే పుట్టేశాడు. రెండు అరకిలో కాఫీ పొట్లాలంత బరువు కూడా లేడు. పెద్దాసుపత్రిలో గాజుపెట్టెలో గొట్టాల మధ్య పడుకోబెట్టారు. వాళ్ళ నాన్న ఒకసారి తొంగిచూసి, స్వీడన్ వెళ్ళి, ఫోన్ నంబరు మార్చేశాడు. అత్త మాత్రం చొక్కా గుండీలు విప్పి వాణ్ణి గుండెకి అంటించుకుని వేసవంతా ఆ పెట్టె పక్కన కుర్చీలోనే గడిపింది.

ఇంటికొచ్చాక తనిఖీలు. "ఇలాంటి పిల్లల్ని ఎదిగేదాకా చూస్తూ ఉండాలి," అంది డాక్టరమ్మ. వారం వారం ఆసుపత్రి నుంచి ఒకమ్మాయొచ్చి వాడి కాళ్ళకి కసరత్తు చేయించేది, మాటలు పలికించేది. అత్తకేమో అదంతా తలవంపులు. ఆ అమ్మాయి వచ్చేలోపు ఇల్లు తుడిచి, తీపి బన్నులు కాల్చి, వాడికి పెళ్ళికొడుకులా జుట్టు దువ్వేది.

రెండేళ్ళ తనిఖీ అన్నిటికన్నా పెద్దది. అందులో ఏం అడుగుతారో అత్త ఓసారి ఆసుపత్రిలో తలుపు సందులోంచి చూసేసింది. ఎర్ర చెక్కముక్కలు ఒకదాని మీద ఒకటి పెట్టించడం, బొమ్మల్లో కుక్కేదని అడగడం. ఇంకేం, మా నాన్న చేత అచ్చం అలాంటి ముక్కలే కోయించి రంగేయించింది.

"ఇవెందుకే?" అన్నాడు నాన్న.

"మావాడు ఎవడికీ తీసిపోడని వాళ్ళకి తెలియాలిగా!"

ముక్క నిలబెడితే వాడి నోట్లో ఒక ఎండుద్రాక్ష. రోజూ ఇదే తంతు.

"అత్తా, వీడు పిల్లాడా, సర్కస్ కుక్కా?" అన్నాను.

"నోర్ముయ్ రా లౌరీ. నీకు చిన్నప్పుడు ఇలా నేర్పేవాళ్ళు లేకే బడెగ్గొట్టి ఇలా తగలడ్డావ్."

తనిఖీ రోజు ఉర్హో మేడ కట్టేశాడు. కుక్కనీ చూపించాడు.

"నడక ఎలా ఉంది?" అని అత్తని అడిగింది డాక్టరమ్మ.

"బాగానే."

"మాటలు?"

"బాగానే."

డాక్టరమ్మ చెయ్యి కలిపింది. "ఇక మీరు రానక్కర్లేదు. ఆ అమ్మాయిని ఇంకో పిల్లాడికి పంపిస్తాం."

అత్త వీధంతటికీ కేకు కోసింది.

ఉర్హోకి నాలుగేళ్ళొచ్చాయి. పిల్లల బడిలో అందరూ పరిగెడుతుంటే వాడు గుమ్మం మెట్టెక్కలేడు. ఆకలైతే చెప్పలేడు. ఎర్ర కప్పులు దొరికితే మాత్రం చక్కగా పేరుస్తాడు. అత్త ఆసుపత్రికి ఫోన్ చేసింది. "బాగున్నాడని మీరే చెప్పారుగా? మళ్ళీ వరసలో రండి," అన్నారు. మా వంతు వచ్చేసరికి ఇంకో చలికాలం పోయింది.

నా కార్లోనే తీసుకెళ్ళాను. ఈసారి ఎవరో కుర్ర డాక్టరు. "ముందు కాసేపు ఆడుకుందామా?" అని సంచి బోర్లించాడు. అవే ఎర్ర ముక్కలు! ఉర్హో మొహం వెలిగిపోయింది. చకచకా కట్టేశాడు.

"అబ్బో! ఇంత చక్కగా కడుతుంటే ఎందుకమ్మా తెచ్చారు? ఇంట్లో ఎలా ఉంటాడు?"

అత్త నోరు అలవాటుగా "బా..." అంది. అంతలో చేత్తో ఆ మేడని ఒక్క తోపు తోసింది. ముక్కలు గదంతా చెల్లాచెదురు.

"బాగోలేడు. ఇదొక్కటే వచ్చు. అదీ నేను నేర్పిందే. వాడికి ఇంకేం రాదు."

కుర్ర డాక్టరు వంగి ఉర్హో కాళ్ళు మడిచి చూశాడు. "అప్పుడే చెప్పి ఉంటే కాళ్ళు ఇంకాస్త లొంగేవి," అన్నాడు నెమ్మదిగా. "కసరత్తుకి పేరు రాస్తాను. ఎంతవరకు పనిచేస్తుందో చెప్పలేను."

ఈలోపు ఉర్హో బల్ల కింద దూరి, ముక్కలు ఏరి, మళ్ళీ మేడ కట్టాడు. కట్టి, వాళ్ళమ్మ వైపు తిరిగి నోరు తెరిచాడు.

అత్త జేబు తడుముకుంది. ఎండుద్రాక్షలు ఉన్నాయి. ఎప్పుడూ ఉంటాయి.