పాస్టరమ్మగారి అభ్యంతరం

మంగళవారం పొద్దున్నే సెక్టర్ 2 నుంచి ఫోన్ వచ్చింది. పాస్టరమ్మగారి కోడలు. "అత్తమ్మ పోయారండీ" అంది. నేను తేరుకునేలోపే, "మీకు కబురు చెప్పేటప్పుడు తొందరపడి రావద్దని చెప్పమన్నారు. తీరిగ్గా రమ్మన్నారు" అని కూడా అంది. ఏడుస్తూనే నవ్వాను. పోతూ పోతూ కూడా నాకో చురక వేసే పోయారు ఆవిడ.

మా తెలుగు క్రైస్తవ సంఘంలో చాలామందికి ఆవిడ పేరు తెలీదు. పాస్టరుగారు పోయి ఎన్నేళ్ళయినా, ఆవిడ కొడుకుకిచ్చిన స్టీలు ప్లాంటు క్వార్టర్లో ఉంటున్నా, అందరికీ పాస్టరమ్మగారే. భిలాయి వచ్చి సగం జీవితం గడిచినా విజయనగరం మాట ఒక్కటీ వదులుకోలేదు. ఎవరింటికి వెళ్ళినా ముందు మంచినీళ్ళు అడిగేవారు, తర్వాత టీ. చక్కెర నిండుకున్న ఇల్లని పసిగడితే, బెల్లం టీ అయితేనే తాగుతానని పేచీ పెట్టేవారు. "టీ తాక్కుండా పోయినోడు సుట్టం కాదు, బేరగాడు" అనేవారు.

అంత మంచి మనిషి నా గురుపట్టాభిషేకానికి అడ్డం పడ్డారు. నేను మీకు చెప్పదలచుకున్నది అదే.

ఛత్తీస్‌గఢ్ కొత్తగా ఏర్పడిన రోజులు. సెమినరీ చదువు ముగించి వచ్చి ఇక్కడే శిక్షణలో ఉన్నాను. సాయంత్రానికి ఆరిళ్ళు చుట్టేసి చీటీలో టిక్కులు పెట్టుకునేవాణ్ణి. ఖుర్సీపార్‌లో ఒక తాతగారు మంచం పట్టారు. ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల దగ్గర పనిచేసి రిటైరైన మనిషి. మూడుసార్లు వెళ్ళాను. మూడుసార్లూ నిలబడే ప్రార్థన చేసి వచ్చేశాను. ఆయన పోయినప్పుడు సమాధి దగ్గర గొప్పగా మాట్లాడానని అందరూ మెచ్చుకున్నారు. పాస్టరమ్మగారు మాత్రం పక్కకి పిలిచి, "ఆయనకేటి బయ్యముండీదో తెలుసా నీకు?" అని అడిగారు. తెలీదన్నాను. "మరి మూడుసార్లు ఏటికెల్లినావు?" అన్నారు. నాకు ఇంకో ఇంటికి వేళవుతోందని చెప్పి తప్పించుకున్నాను.

తర్వాతి ఆదివారమే నా గురుపట్టాభిషేకం, ఆర్డినేషన్. విజయనగరం నుంచి మేనమామలొచ్చారు. సాయంత్రం దుర్గ్‌లో వాళ్ళ రైలు. చర్చి వెనక బిర్యానీ ఉడుకుతోంది. ఆరాధన మధ్యలో బిషప్‌గారు సంఘాన్ని ఒక ప్రశ్న అడుగుతారు: ఈ మనిషిని గురువుగా నియమించడానికి ఎవరికైనా అభ్యంతరం ఉందా అని. అది ఆచారం. ఎవరూ పలకరు, ఆయన ముందుకి సాగిపోతారు. ఆరోజు మూడో వరస బల్లమీంచి పాస్టరమ్మగారు లేచారు.

"ఆపత్తి ఉంది బిషప్‌గారూ."

అభ్యంతరాన్ని ఇక్కడి హిందీలో ఆపత్తి అంటారు. మా అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఎవరో పాస్టరమ్మగారి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టబోతే విదిలించుకున్నారు.

"కుర్రోడు మంచోడే. సదువుంది, గొంతుంది. కూకోడమే రాదు. మొన్న పోయిన ముసలాయన ఇంట్లో ఒక్కపాలి కూకోనేదు. ఆయన పెళ్ళాం ఆ ఇంట్లోనే ఒక్కర్తీ ఉంది. ఎల్లి కూకుని ఒస్తే నాకే ఆపత్తీ నేదు."

బిషప్‌గారు నావైపు తిరిగి, "నిజమేనా?" అన్నారు. కాదనే ధైర్యం లేకపోయింది. ఆయన పుస్తకం మూసి, "వెళ్ళి రా. మేం పాటలు పాడుకుంటూ ఉంటాం" అన్నారు. గేటు దగ్గర మా నాన్న నా చెవిలో చెప్పాడు: "ఐదు నిమిషాలు కూకుని ఒచ్చీరా. బి షిఫ్టోళ్ళు మద్యాన్నం డ్యూటీకి ఎల్లిపోతారు."

తెల్లంగీతోనే స్కూటర్ మీద వెళ్ళాను. ఆ ముసలామె గుమ్మంలో కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది.

"ఏటి బాబూ, ఇయ్యాల నీకు అభిషేకం కదా? ఇలాగొచ్చినావేటి?"

"ఊరికే, మీ దగ్గర కాసేపు కూర్చుందామని."

నేలమీద కూర్చున్నాను. ప్రార్థన మొదలుపెడదామని నాలుక దురద పెట్టింది, ఎందుకంటే నాకు వచ్చింది అదొక్కటే. అప్పుడు ఆమె తనంతట తనే చెప్పింది. "ఏళ్ళ తరబడి నిప్పు ముందర పనిచేసినోడు కదా, సీకటంటే మా సెడ్డ బయ్యం ఆయనకి. లైటు ఏసుకునే పడుకునీవోడు. గోతిలో సీకటుంటాదా అని రోజూ నన్నడిగీవోడు. నాకేటి తెలుసు? నిన్నడుగుదాం అనుకున్నాం. నువ్వు నిల్సునే ఉంటివి."

చిన్నపిల్లాడిలా ఏడ్చాను. ఆమె మరి చాలాసేపు ఆయన గురించి చెబుతూనే ఉంది. చివరికి తనే నా తలమీద చెయ్యి వేసి, "ఎల్లు బాబూ, నీకోసం సూత్తుంటారు" అంది.

తిరిగొచ్చేసరికి సగం బల్లలు ఖాళీ. బి షిఫ్టు వాళ్ళు డ్యూటీకి వెళ్ళిపోయారు, మేనమామలు రైలు తప్పుతుందని స్టేషన్‌కి పరిగెత్తారు. పాస్టరమ్మగారు నా మొహం ఒక్కసారి చూసి, బిషప్‌గారికి తల ఊపారు. ఆయన మళ్ళీ పుస్తకం తెరిచారు.

ఆ అవమానం ఏడాది దాకా నన్ను వదల్లేదు. అమ్మయితే క్రిస్మస్ వరకూ ఆవిడతో మాట్లాడలేదు. ఆవిడ మాత్రం మా ఇంటికి వస్తూనే ఉన్నారు. ఒకసారి తెగించి, "అదేదో నాతో విడిగా చెప్పొచ్చు కదండీ" అన్నాను. "సెప్పాను కదా నాయినా, నీకు టయిము నేదు" అన్నారు. నాలో ఈపాటి గురువంటూ ఎవడైనా ఉంటే, వాణ్ణి నిలబెట్టింది ఆవిడే. బతికుండగా ఆ మాట ఆవిడతో అనలేదు.

బుధవారం ఆవిడని మట్టి చేశాం. వచ్చే ఆదివారం మా సంఘంలో ఇద్దరికి ఆర్డినేషన్, ఒక అమ్మాయికి, ఒక అబ్బాయికి. ఇద్దరూ ఇక్కడ పుట్టినవాళ్ళే, తెలుగు కంటే హిందీయే బాగా వచ్చు. ఈ కథ వాళ్ళకి చెప్పి, గట్టిగా బుద్ధులు చెప్పాలని భూస్థాపన అయ్యాక వెతికాను. చర్చిలో లేరు. ఆఖరికి పాస్టరమ్మగారి క్వార్టర్‌కి వెళ్ళాను. జనమంతా వెళ్ళిపోయారు. కరెంటు లేదు. వరండాలో కోడలు గోడకి ఆనుకుని, అత్తగారు సబ్బుముక్కలన్నీ కలిపి ఎలా ముద్దచేసేవారో చెబుతోంది. కళ్ళు తుడుచుకుంటోంది, నవ్వుతోంది. ఎదురుగా నేలమీద ఆ ఇద్దరూ కూర్చుని ఉన్నారు. అబ్బాయి చొక్కా వీపంతా చెమటకి తడిసిపోయింది. అమ్మాయి మోకాళ్ళ మీద గడ్డం ఆనించి వింటోంది. నేను గేటు దగ్గరే ఆగిపోయాను.

"ఫిర్ ఏటయింది, దీదీ?" అని అడిగింది ఆ అమ్మాయి.