నానమ్మ ఫోటో జరసేపు ఉండాలె

రెండేళ్లు దాటినా మా పాపకు మాటలు రాలేదు. "అమ్మ" అనేది, కానీ అది నన్ను పిలవడం కాదు. ఆకలికీ అమ్మే, దోమకూ అమ్మే, కాలి నుంచి జారిన చెప్పుకూ అమ్మే. పిల్లల డాక్టరు చూసి, కంగారేమీ లేదన్నారు. ఇంట్లో ఉన్నవి చూపించి పేర్లు చెబుతూ ఉండండి, ఫోన్ తగ్గించండి, ఇంకొన్నాళ్లు చూసి అప్పటికీ మాటలు రాకపోతే చెవుల పరీక్ష చేయిద్దాం అన్నారు. ఆయన మామూలుగానే అన్నారు. నేను ఇంటికొచ్చి పాప వెనక నిలబడి స్టీలు గిన్నె కింద పడేశాను. తిరిగి చూసింది. నమ్మకం కుదరక మళ్లీ పడేశాను.

"ఏమైంది నీకు? గిన్నెలన్నీ సొట్టలు పెడుతున్నవ్" అంది అత్తమ్మ వంటింట్లోంచి.

చూపించి చెప్పడానికి పగలు నేను ఇంట్లో ఉండను. మా ఇల్లు మామిడిపల్లిలో. ఎయిర్‌పోర్టు దగ్గర సరుకులు పంపే ఆఫీసులో నా ఉద్యోగం. పాప రోజంతా అత్తమ్మ, మామయ్యల దగ్గరే ఉంటుంది. అందుకని, డాక్టరు ఫోన్ తగ్గించమన్నారు కదా అని బెదురుతూనే, నేనొక వీడియో చేశాను. ఎక్కడివో బొమ్మలు కాదు, మా ఇంటివే: అమ్మ, నాన్న, నానమ్మ, తాత, బర్రె, విమానం, బువ్వ, నీళ్లు, చందమామ. ఒక్కో ఫోటో, దాని కింద పెద్ద అక్షరాలతో పేరు, ఆ పేరు పలుకుతూ నా గొంతు. ల్యాప్‌టాప్‌లో ఎడిటింగ్ నేర్చుకుంటూ చేశాను. ఆ ఎడిటింగ్ తెర మీద పైన ఫోటోల వరుస, కింద పేర్లూ గొంతూ కలిసిన వరుస. ఫోటో ఎంతసేపో పేరూ అంతసేపే, అన్నీ నాలుగేసి సెకన్లు. మొదటి నుంచి చివరి దాకా నాలుగైదు సార్లు చూసుకున్నాను. ఎక్కడా తప్పు లేదు.

అత్తమ్మకు చూపిస్తే అంతా బాగుందంది, ఒక్కటి తప్ప.

"నా ఫోటో గిట్ల వచ్చి గట్ల పోతున్నది. రోజంత చేసేది నేను. జరసేపు ఉండాలె."

నిజమే కదా అనిపించింది. ఆమె ఫోటోను రెండింతలు, ఎనిమిది సెకన్లకు సాగదీశాను. ఆమె ముఖం తెర మీద నిండుగా ఉండటం వరకు చూసి, సంతోషించి, వీడియో సేవ్ చేసి టీవీలో వేసుకునేలా ఇచ్చేశాను. ఆ తర్వాత ఏముందో చూడలేదు. రోజుకు ఒక్కసారే వేయాలని మాత్రం గట్టిగా చెప్పాను. అత్తమ్మ టీవీ పెట్టి వంటింట్లోకి వెళ్లేది. పాప ఒక్కతే చూసేది.

కొన్నాళ్లకు, ఒక సాయంత్రం నేను బండి లోపల పెడుతుండగా పాప వాకిట్లోకి పరుగెత్తుకొచ్చింది. అత్తమ్మ, మామయ్య అరుగు మీద పక్కపక్కన కూర్చున్నారు.

"తాతా!" అంది పాప, స్పష్టంగా.

మామయ్య చేతులు చాచాడు. పాప వెళ్లి అత్తమ్మ ఒళ్లో వాలింది.

"పోతే పోయింది. పిలిచింది అయితే నన్నే" అన్నాడు మామయ్య. ఆ రాత్రి చుట్టాలందరికీ ఫోన్లు వెళ్లాయి. అత్తమ్మ వడ్డిస్తుంటే ఆయన కంచంలో కూర తక్కువ పడింది.

ఆ తర్వాత "బువ్వ" వచ్చింది. అత్తమ్మ ఆఫీసుకు ఫోన్ చేసి మరీ చెప్పింది. నాలుగు రోజులయ్యేసరికి ఆమె గొంతు మారింది.

"పొద్దట్నుంచి ఇదే వరస. బువ్వ, బువ్వ అంటది. కలిపి తెస్తే మూతి తిప్పుకుంటది. మల్ల జరసేపటికి బువ్వ. పరేషాన్ చేస్తున్నది. దిష్టి తాకిందేమో."

ఎర్రటి మిరపకాయలు, ఉప్పు దిగదుడిచారు. బువ్వ ఆగలేదు. మా ఇంటి మీదుగా విమానాలు పోతూనే ఉంటాయి. ఆ చప్పుడు మా చెవులకు ఏనాడో అలవాటైపోయింది, అందుకే రెంటినీ కలిపి ఎవరమూ ఆలోచించలేదు.

ఆదివారం మామయ్య పశువులను కడిగి లోపలికి వస్తుంటే పాప ఆయన వైపు వేలు చూపించి, "బర్రె" అంది.

మా ఆయన పడీ పడీ నవ్వాడు. "బాపూ, బిడ్డ గుర్తు పట్టింది!" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. మాటలు వస్తున్నాయి సరే, ఇలా కలగాపులగం కావడం ఏమిటి? చెవులు బాగుంటే మరి తలలో ఏమైనా తేడానా? ఫోన్‌లో వెతికాను. వెతికి ఇంకా భయపడ్డాను.

ఆ మధ్యాహ్నం పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని, అత్తమ్మ ఫోటో సాగదీశాక మొదటిసారి వీడియో మొత్తం చూశాను. అమ్మ, నాన్న సరిగ్గానే వచ్చారు. నానమ్మ వచ్చింది. సగంలో పేరు మారి, ఆమె ముఖం కింద "తాత" అని పడింది. తర్వాత మామయ్య ఫోటో వచ్చింది. నా గొంతు ఇంకా రాకముందే పాప "బర్రె" అంది. వెంటనే టీవీలో నా గొంతు కూడా, ఎంతో ప్రేమగా, "బర్రె" అంది.

బర్రె ఫోటోకు "విమానం". విమానం ఫోటోకు "బువ్వ". అన్నం పళ్లేనికి "నీళ్లు". నీళ్ల చెంబుకు "చందమామ". చివర ఆకాశంలో చందమామ ఒక్కటే పేరు లేకుండా, మాట లేకుండా మిగిలింది. "చందమామ" అన్నాను నేను. పాప కాదన్నట్టు తల ఊపి, గట్టు మీద ఉన్న చెంబు చూపించింది.

నానమ్మను సాగదీసినప్పుడు వెనకున్న ఫోటోలన్నీ ఒక అడుగు జరిగాయి. పేర్లు ఉన్నచోటే ఉండిపోయాయి. నా బిడ్డ ఒక్క మాట కూడా తప్పు చెప్పలేదు. నేను నేర్పింది నేర్పినట్టు, వరుస తప్పకుండా నేర్చుకుంది. పాపను గట్టిగా పట్టుకుని నవ్వుతుంటే కళ్లలో నీళ్లొచ్చాయి. పాప నా చెంప తుడిచి "చందమామ" అంది.

అందరినీ పిలిచి మళ్లీ వేసి చూపించాను. తన ఫోటో కింద బర్రె అని చూసి మామయ్య మీసం సవరించుకున్నాడు. అత్తమ్మ మాత్రం ఆలోచనలో పడింది.

"అంటే... ఆ పొద్దు తాతా అన్నది?"

"మిమ్మల్నే, అత్తమ్మా."

"నేను అప్పుడే అనుకున్న!" అంటూ ఆమె మామయ్య వైపు తిరిగింది. "ఇగ జెయ్యి ఫోన్లు, అందరికీ జెయ్యి. పిలిచింది నన్నని చెప్పు."

వీడియో సరిచేస్తుంటే పక్కన నిలబడి, "నా ఫోటో తగ్గియ్యకు మల్ల" అంది. తగ్గించలేదు. పేరునే ఫోటోతో సమానంగా సాగదీశాను. ఇప్పుడు నా గొంతు "నానమ్మ, నానమ్మ" అని రెండుసార్లు అంటుంది. మిగతా పేర్లన్నీ ఎవరిది వాళ్ల కిందికి చేరాయి. చివరిదాకా చూశాకే సేవ్ చేశాను.

డాక్టరుకు ఫోన్‌లో చెబితే ఆయన నవ్వి, చెవుల పరీక్షకు తొందరేమీ లేదు, మాటలు ఇలాగే పెరగనివ్వండి అన్నారు. నేను గిన్నెలు పడేయడం మానేశాను.

మామయ్య బయటి నుంచి వచ్చినప్పుడల్లా గేటు దగ్గరే, "బర్రె వచ్చింది!" అని కేకేస్తున్నాడు. మీరే ఇలా చెబితే పాప ఎప్పుడు దిద్దుకుంటుంది అంటే వినడు. ఇవాళ సాయంత్రం ఇంటి మీదుగా విమానం పోయింది. పాప తల పైకెత్తి "మానం" అంది. పక్కనే ఉన్న అత్తమ్మ, అలవాటు కొద్దీ, అప్పటికే అన్నం గిన్నె అందుకుంది.