ఏడిళ్ల బియ్యం

భక్తుడంటే ఎవరని అడిగితే, మొన్నటిదాకా, దేవుడి అంగడికి వాడుక గిరాకీ అని చెప్పేవాణ్ణి. ఆదోనిలో మాది బియ్యం అంగడి. కొబ్బరికాయ కొట్టేటప్పుడు కూడా కోరిక పెద్దదా, కాయ పెద్దదా అని చూసుకునే ఇంట్లో పెరిగాను.

మా అమ్మ కళ్లకు పొర కమ్మింది. ఆపరేషన్‌కు ముందు ఆమె ఒక మొక్కు మొక్కుకుంది. చూపు వస్తే, శ్రావణ శనివారం కొడుకు నామం పెట్టుకుని, గోవిందా అంటూ ఏడిళ్లలో బియ్యం అడిగి తేవాలి. వాటితోనే వండి నైవేద్యం పెట్టాలి. మా వైపు ఇది కొత్త కాదు. ఎంత ఉన్నవాడైనా ఆ పూట అడుక్కోవలసిందే.

అమ్మకు చూపు వచ్చింది. నాకు నిద్ర పోయింది. ఊరంతటితో బేరాలాడే నేను గిరాకీల గడపల్లో చెంబు పట్టుకుని నిలబడాలా? శుక్రవారమే తెలిసిన ఏడిళ్లకు తలా ఒక పొట్లం మా అంగడి సన్నబియ్యం పంపించాను. రేపు నేనొచ్చి గోవిందా అంటే ఇవే పోయమని చెప్పించాను. వాళ్లకు నష్టం లేదు, నాకు నామోషీ లేదు. బేరమంటే ఇట్లా కుదరాలని నా భుజాలు నేనే చరుచుకున్నాను.

శనివారం పొద్దున ఆరిళ్లు చిటికెలో అయిపోయాయి. ఏడోది, ఎమ్మిగనూరు బడిలో చేసి రిటైరైన తెలుగు సారు ఇల్లు. ఆయన పొట్లం విప్పి చెంబులో పోస్తూ అడిగాడు.

"భక్తుడనే మాట యాడినుంచి వచ్చిందో తెలుసా అప్పా?"

"దండం పెట్టేవాడని కదా సార్."

"కాదు. భజ్ అనే ధాతువు నుంచి. అంటే పంచడం, భాగం పొందడం. భాగమన్న మాట కూడా దాంట్లోంచి వచ్చిందే. వండిన అన్నాన్నీ సంస్కృతంలో భక్తమంటారు. నలుగురి దాంట్లో భాగం అందుకొని, తన దాంట్లో భాగం పంచేవాడప్పా భక్తుడు." ఖాళీ పొట్లం మడిచి నా చేతిలో పెట్టాడు. "తనది తనే పంచుకునేటోన్ని ఏమంటారో, నిఘంటువులో సూడాల."

నవ్వేసి వచ్చేశాను.

ఇంట్లో అమ్మ బియ్యం చేటలో పోసుకుని, కిటికీ దగ్గర కూర్చుని వేళ్లతో కలియబెట్టింది. ఏడిళ్ల బియ్యమంటే లావూ సన్నమూ, పాతవీ కొత్తవీ కలిసి ఉండాలి. బియ్యం బస్తాల మధ్య పెరిగిన నాకు ఆ ముక్క తట్టలేదు. ఆ బస్తాల మధ్యే ముసలిదైన ఆమెకు తట్టింది.

"ఏం నాయనా, ఏడిండ్లోళ్లూ మన అంగడి బియ్యమే తింటాండారా?"

నేను చెంబు మూలన పెట్టబోయాను.

"దేవుడు సూపిచ్చింది నీ యవ్వారం సూడనీకేనేమో," అంది.

తిట్టి ఉంటే బాగుండేది. చేట పక్కకు జరిపి, పొయ్యి వెలిగించకుండా అట్లాగే కూర్చుంది. నైవేద్యమైతే గాని ఆమె నోట్లో మెతుకు వేసుకోదు.

మళ్లీ చెంబు తీసుకున్నాను. ఈసారి ముందుగా ఎవరికీ చెప్పలేదు. మా అంగట్లో మూటలు మోసే హమాలీ ఇంటి ముందు నిలబడితే, ఆయన భార్య కంగారుగా బయటికొచ్చింది.

"ఆయప్ప అప్పుడే అంగడికి వచ్చినాడు కదా సావుకారన్నా?"

బజారంతా వినిపించే గొంతు నాది. గోవిందా అన్నది నాకే సరిగా వినపడలేదు. ఆమె నామం చూసింది, చెంబు చూసింది. లోపలికి పోయి దోసిటి నిండా తెచ్చి పోసింది. అప్పుడు నా చెయ్యి, దాని దుంప తెగ, అలవాటు కొద్దీ రెండు గింజలు తీసి పంటి కింద వేసింది. సరుకు ఎట్లాంటిదో తేల్చడానికి రోజూ చేసే పనే. బిచ్చం వేసిన గడపలోనే చేశాను.

ఆమె మొహం చిన్నబోయింది. "రేషన్ బియ్యమన్నా, లావుంటాయి. దేవునికి పనికొస్తాయో లేదో."

ఏ సరుకుకైనా వంక పెట్టే నేను, పనికొస్తాయన్నట్టు తలూపి కదిలాను. తక్కిన ఆరిళ్లూ ఆ వీధిలోనే అడిగాను.

అమ్మ ఆ బియ్యాన్ని కూడా వేళ్లతో తిప్పి చూసింది. పొయ్యి వెలిగించింది. నైవేద్యం అయ్యాక గిన్నె నా చేతికిచ్చి, "పోసినోళ్లకు పెట్టిరాపో. మనం తర్వాత తిందాం," అంది.

హమాలీ భార్య పళ్లెం పట్టుకొచ్చింది. సారు చెప్పిన మాట ఆమెకు చెబుదామనుకున్నాను. ఈ నోటితో చెబితే దాన్నీ అమ్ముతున్నట్టే ఉంటుందని ఊరుకున్నాను. ఆమె రెండు మెతుకులు వేళ్ల మధ్య నలిపి చూసి అడిగింది.

"మా బియ్యం ఉడికినాయా అన్నా?"

"ఉడికినాయమ్మా," అన్నాను. తల మాత్రం ఎత్తలేదు.